శవం జేబులోని పేరు: పాలమూరు వైపు నుంచి ఫుగార్డ్ నాటకాలు

కరువు ప్రాంతం నుంచి పని కోసం పట్నం వచ్చిన ఒక కూలీ. అతని దగ్గరున్న పాస్‌బుక్‌లో అధికారులు ముద్ర వేశారు: మూడు రోజుల్లో ఊరు విడిచి వెళ్లిపోవాలి. అతనికి చదువు రాదు, ముద్రలో ఏముందో స్నేహితుడు చదివి చెప్పాలి. ఒక రాత్రి ఇద్దరూ తాగి తిరిగి వస్తుంటే చీకట్లో ఒక శవం కనిపిస్తుంది. చచ్చినవాడి జేబులో పాస్‌బుక్ ఉంది, అందులో పని వెతుక్కునే అనుమతి చెల్లుబాటులో ఉంది. స్నేహితుడు రెండు పుస్తకాల్లోని ఫోటోలు మార్చేస్తాడు. తెల్లవారేసరికి సిజ్వే బాన్సీ అనే మనిషి కాగితం మీద చనిపోతాడు, రాబర్ట్ జ్వెలిన్‌జిమా అనే మనిషి బతికి పనిలోకి పోతాడు.

ఇది ‘సిజ్వే బాన్సీ ఈజ్ డెడ్’ నాటకం. 1972 అక్టోబరులో కేప్‌టౌన్‌లోని స్పేస్ థియేటర్‌లో మొదటిసారి ఆడారు. అథోల్ ఫుగార్డ్ అనే తెల్లజాతి నాటకకర్త, జాన్ కాని, విన్‌స్టన్ ఎన్షోనా అనే ఇద్దరు నల్లజాతి నటులు కలిసి అల్లిన నాటకం ఇది. ఇందులోని పాస్‌బుక్‌కు మన పట్టాదారు పాస్‌బుక్‌తో పోలిక లేదు. 1952 చట్టం తర్వాత దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లు ఎప్పుడూ వెంట ఉంచుకోవలసి వచ్చిన గుర్తింపు పుస్తకం అది. ఎక్కడ ఉండవచ్చు, ఎక్కడ పనిచేయవచ్చు, ఎన్నాళ్లు ఉండవచ్చు, అన్నీ అందులోనే. పోలీసు అడిగినప్పుడు చూపించలేకపోతే జైలు. ఈ పాస్ చట్టాలకు వ్యతిరేకంగా 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో గుమిగూడినవారి మీద పోలీసులు కాల్పులు జరిపితే 69 మంది చనిపోయారు. ఆ చట్టాలు 1986 దాకా రద్దు కాలేదు.

ఫుగార్డ్ 1932లో పుట్టాడు, 2025 మార్చిలో చనిపోయాడు. తల్లి ఆఫ్రికానర్ (డచ్చి మూలాల తెల్లజాతి), తండ్రి ఇంగ్లీషు మూలాలవాడు. పోర్ట్ ఎలిజబెత్‌లో తల్లి నడిపిన టీ దుకాణం ఆదాయంతో ఇల్లు గడిచింది. 1958లో జొహానెస్‌బర్గ్‌లో పాస్ కేసులు విచారించే కోర్టులో కొన్నాళ్లు గుమాస్తాగా పనిచేశాడు. పాస్ లేని మనిషిని బోనెక్కించడం, శిక్ష వేయడం, పక్కకు పంపి తర్వాతివాడిని పిలవడం రోజంతా కళ్లముందు జరిగేవి. అతని నాటకాల్లో వర్ణవివక్ష ఉపన్యాసంగా రాకపోవడానికి ఈ గుమాస్తా బల్ల ఒక కారణం అనుకోవచ్చు. రంగు మనిషి మీద ఎలా పనిచేస్తుందో అతను చిన్న చిన్న పనుల్లో చూపిస్తాడు: ఒక ముద్ర, ఒక పిలుపు, కూర్చోకూడని ఒక బల్ల, చూపించవలసిన ఒక కాగితం. దక్షిణ తెలంగాణ పాఠకుడికి ఈ నాటకాలు పరాయిగా అనిపించకపోవడానికి కారణం కూడా ఇదే. చర్మం రంగు గురించిన నాటకంగా మాత్రమే చూస్తే దక్షిణాఫ్రికా చాలా దూరం. మనిషి గుర్తింపును అవతలివాడు రాసిపెట్టే తీరు గురించిన నాటకంగా చూస్తే, నారాయణపేట బస్టాండు దాకా వచ్చేసినట్టే.

రంగు సంగతి కూడా ఈ నేలకు పూర్తిగా కొత్తది కాదని మధ్యలో గుర్తు చేయాలి. వనపర్తి సంస్థానాధీశులు ఒకప్పుడు ఆఫ్రికన్ సైనికుల దళాన్ని పోషించారు. తర్వాత ఆ దళం నిజాం కొలువులో చేరింది. హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ అనే పేట పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చిందే. పెళ్లి ఊరేగింపుల్లో మర్ఫా వాద్యం మోగించే ఆఫ్రికా మూలాల సిద్దీలను చూసి ‘ఏ దేశం వాళ్లు’ అని అడిగేవారికి వనపర్తి దారి చూపించవచ్చు.

మళ్లీ సిజ్వే దగ్గరికి వద్దాం. నాటకం సిజ్వేతో మొదలు కాదు, స్టైల్స్ అనే ఫోటోగ్రాఫరుతో మొదలవుతుంది. అతను ఇంతకుముందు ఫోర్డ్ కార్ల కర్మాగారంలో పనిచేసినవాడు. ఒకరోజు పెద్ద యజమాని హెన్రీ ఫోర్డ్ జూనియర్ అమెరికా నుంచి వస్తున్నాడని కబురు. ఫ్యాక్టరీ అంతా కడుగుతారు, నేల మీద గీతలు గీస్తారు, కొత్త ఓవరాల్స్, చేతి తొడుగులు ఇస్తారు. తెల్ల అధికారి కార్మికులకు ఉపన్యాసమిస్తూ, దాన్ని వాళ్ల భాషలోకి మార్చమని స్టైల్స్‌ను నిలబెడతాడు. స్టైల్స్ దుబాసీ పని చేస్తున్నట్టు నటిస్తూనే అధికారి మాటల మీద తన వ్యాఖ్యానం జోడిస్తాడు. కార్మికులు నవ్వు ఆపుకోలేక చస్తుంటారు. ముసలి అధికారి తన ఉపన్యాసం బాగా ఎక్కిందనుకుంటాడు. చివరికి యజమాని రానే వస్తాడు, నాలుగు అంగలు వేస్తాడు, ఎవరి ముఖమూ చూడకుండా కారెక్కి వెళ్లిపోతాడు. మంత్రిగారి పర్యటనకు ముందురోజు హాస్టల్ గోడలకు సున్నం పడటం, రోడ్డు పక్కన తెల్ల గీత లేవడం ఎరిగినవారికి ఈ ఘట్టానికి అధోజ్ఞాపిక అక్కర్లేదు. జాన్ కాని స్వయంగా ఫోర్డ్ కర్మాగారంలో పనిచేసినవాడు కాబట్టి ఈ హాస్యానికి చెమట వాసన ఉంది.

స్టైల్స్ ఆ ఉద్యోగం మానేసి ఫోటో స్టూడియో పెట్టుకుంటాడు. అక్కడికి వచ్చినవాళ్లు తాము ఏమి కావాలనుకుంటున్నారో ఆ వేషంలో ఫోటో దిగుతారు. సిజ్వే కూడా, అంటే ఇప్పటి రాబర్ట్, భార్యకు పంపడానికి ఫోటో దిగుతాడు, ఒక చేతిలో పైపు, మరో చేతిలో సిగరెట్టు. పాస్‌బుక్‌లోది ప్రభుత్వం అడిగిన ఫోటో, ఇది మనిషి తాను కోరుకున్న ఫోటో. నాటకం మొత్తం ఈ రెండింటి మధ్య నడుస్తుంది. అందులోని అసలు బాధ ఆకలి కాదు. స్నేహితుడు బుంటు పేరు మార్చుకోమన్నప్పుడు సిజ్వే వెంటనే ఒప్పుకోడు. భార్యకు ఏమని చెప్పాలి, పిల్లలు ఎవరి పిల్లలవుతారు, తన పేరు ఎక్కడికి పోతుంది అని అడుగుతాడు. బుంటు జవాబు కఠినంగా ఉంటుంది: నిన్ను ‘బాయ్’ అని పిలిచినప్పుడు నీ పేరు ఎక్కడుంది? ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని కొత్త పేరు, కొత్త నంబరు బట్టీ పట్టే సన్నివేశం వస్తుంది. బుంటు ఒకసారి పోలీసవుతాడు, ఒకసారి యజమాని అవుతాడు, ఒకసారి పాస్టరవుతాడు. ప్రేక్షకులు నవ్వుతారు. నవ్వుతున్నంతసేపూ ఒక మనిషి తన పేరును కోల్పోతూ ఉంటాడు.

పాలమూరు కూలీ కథ తెలిసినవారికి ఈ దశలన్నీ పరిచయమే. గుంపు మేస్త్రీ ముందు అడ్వాన్సు ఇస్తాడు, అప్పు పద్దు రాసుకుంటాడు, మనుషులు జంటలుగా, గుంపులుగా లారీ ఎక్కుతారు. నాగార్జునసాగర్ మొదలు దేశంలోని ఎన్నో ఆనకట్టలు, కాలువలు, రోడ్ల కింద ఈ ప్రాంతపు తట్ట, పార పని ఉంది. బొంబాయి చరిత్ర మరీ పాతది. కామాఠీపురా అనే పేటకు ఆ పేరు నిజాం రాజ్యం నుంచి వెళ్లి ఆ నగరాన్ని కట్టిన కామాఠీల వల్లే వచ్చింది. పనిచోట ఈ మనుషులను పేరుతో పిలవరు, ‘పాలమూరు లేబర్’ అంటారు. ఒక జిల్లా పేరు ఒక పనిరకం పేరుగా మారిపోవడం చిన్న విషయం కాదు. సిమెంటు బస్తా మీద కంపెనీ పేరున్నట్టు మనిషి మీద జిల్లా పేరు.

అయితే ఈ పోలికను ఎక్కడ ఆపాలో తెలియాలి. సిజ్వేను పట్నంలో ఉండనివ్వనిది చట్టం. కోస్గి, దామరగిద్ద కూలీని పుణెలో ఉండవద్దని ఏ చట్టమూ అనదు. పైగా రాజ్యాంగం దేశంలో ఎక్కడైనా తిరిగే, స్థిరపడే హక్కు ఇచ్చింది, 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. అక్కడ నాటకానికి ప్రతినాయకుడు శాసన గ్రంథంలోనే దొరుకుతాడు. ఇక్కడ శాసనం కూలీ పక్షాన ఉన్నట్టు కనిపిస్తుంది, అడ్డు మాత్రం మేస్త్రీ పద్దులో, ఇంటి యజమాని ప్రశ్నలో ఉంటుంది. అందుకని ఈ నాటకాన్ని తెలుగులోకి తెచ్చేవారు తెల్లవాడి స్థానంలో అగ్రకులాన్ని, నల్లవాడి స్థానంలో దళితుణ్ని పెట్టేసి పని అయిందనుకుంటే అది బద్ధకమే అవుతుంది.

కులానికి దగ్గరగా వచ్చే ఫుగార్డ్ నాటకం వేరే ఉంది. ‘మాస్టర్ హెరాల్డ్ అండ్ ద బాయ్స్’ 1982లో అమెరికాలోని యేల్ రెపర్టరీ థియేటర్‌లో మొదట ఆడారు. కథాకాలం 1950, స్థలం పోర్ట్ ఎలిజబెత్‌లోని టీ దుకాణం. పదిహేడేళ్ల తెల్ల కుర్రాడు హాలీ, దుకాణంలో పనిచేసే శామ్, విల్లీ అనే ఇద్దరు నల్లవాళ్లు. హాలీకి తండ్రి తాగుబోతు, అవిటివాడు. నిజంగా పెంచింది శామే. ఒకనాడు ఆ పిల్లవాడి సిగ్గు పోగొట్టడానికి శామ్ గాలిపటం చేసి ఎగరేయించాడు. ఆ తర్వాత పిల్లవాణ్ని బల్ల మీద కూర్చోబెట్టి, పని ఉందని వెళ్లిపోయాడు. ఎందుకు వెళ్లాడో హాలీకి ఏళ్ల తరబడి తెలియదు. ఆ బల్ల తెల్లవాళ్లకు మాత్రమే. ఈ సంగతి నాటకం చివర్లో గానీ బయటపడదు. అప్పటికి ఆలస్యమైపోయింది: తండ్రి మీద కోపాన్ని ఎవరి మీద చూపాలో తెలియని హాలీ, ఇకనుంచి తనను ‘మాస్టర్ హెరాల్డ్’ అని పిలవమని శామ్‌ను శాసించాడు, అతని ముఖం మీద ఉమ్మేశాడు. ఈ ఉమ్మిన పని ఫుగార్డ్ చిన్నతనంలో స్వయంగా చేసిందే. అతని పూర్తి పేరులో హెరాల్డ్ ఉంది. ఈ నాటకాన్ని మొదట దక్షిణాఫ్రికాలో నిషేధించారు.

నల్లగొండ గడీల, అంటే దొరల కోటల్లాంటి ఇళ్ల, కథలు విన్నవారికి ఈ పిలుపు ఎక్కడ తగులుతుందో చెప్పనక్కర్లేదు. తెల్లవెంట్రుకల జీతగాడిని పదేళ్ల పిల్లవాడు ‘ఒరే’ అంటాడు, అతను ‘చిన్న దొరా’ అని బదులిస్తాడు. ఆ పిల్లవాణ్ని భుజాల మీద ఎక్కించుకుని జాతర చూపించినవాడు, వాగు దాటించినవాడు కూడా ఆ జీతగాడే. ‘నీ బాంచన్ దొరా’ అన్న మాటను వెట్టి నుంచి విడదీయలేం. 1946 తర్వాత సాయుధ పోరాటం గడీల పెత్తనాన్ని కదిలించినప్పుడు భూమితోపాటు కదిలినవాటిలో పిలుపు కూడా ఉంది. ఫుగార్డ్ గొప్పతనం ఏమిటంటే, ఈ సంబంధంలోని ప్రేమను దాచడు. ప్రేమ లేకపోతే ఉమ్మికి ఆ బరువు రాదు. గడీ మీద మన కథలు, సినిమాలు ఎక్కువగా దొరను రాక్షసుడిగా చూపి ఊరుకున్నాయి. రాక్షసుణ్ని ద్వేషించడం తేలిక. జీతగాడి ఒళ్లో పెరిగి, ఒక సాయంత్రం అతనికి తన స్థానం గుర్తుచేసే కుర్రాణ్ని రాయడం కష్టం. ఆ నాటకం తెలుగులో ఇంకా రావలసి ఉందనే చెప్పాలి, వస్తే అది గడీ లోపలి మనిషి కలం నుంచి వస్తేనే ఫుగార్డ్ తరహా నిజాయితీ అవుతుంది.

‘బ్లడ్ నాట్’ (1961) సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. ఒకే తల్లికి పుట్టిన ఇద్దరు అన్నదమ్ములు, ఒకడి చర్మం తెలుపు, మరొకడిది నలుపు. తెల్లగా ఉన్నవాడు తెల్లవాడిగా చెలామణి అయ్యే అవకాశం ఉంది. మొదటి ప్రదర్శనలో ఫుగార్డ్, నల్లజాతి నటుడు జేక్స్ మొకాయ్ పక్కపక్కన నటించారు. 1967లో ఈ నాటకం బీబీసీలో ప్రసారమయ్యాక ప్రభుత్వం ఫుగార్డ్ పాస్‌పోర్టు లాక్కుంది. పట్నంలో అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు ఇంటిపేరు సగం మింగి చెప్పడం, ‘మీరు ఏమిట్లు’ అని కులమడిగే ప్రశ్నకు ఊరిపేరు జవాబుగా ఇవ్వడం తెలిసినవారు ఈ చెలామణి బాధను సులువుగా పట్టుకుంటారు. ఇక్కడ దాగేది ముఖం వెనక కాదు, పేరు వెనక.

పాలమూరుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న నాటకం ‘బోస్మన్ అండ్ లీనా’ (1969). ఆ ఉదయమే తెల్లవాడి బుల్డోజరు వాళ్ల రేకుల గుడిసెను కూల్చింది. తలమీద మూటతో, నది ఒడ్డున బురదలో, భార్యాభర్తలు మరో చోటుకు వచ్చారు. లీనాకు ఒక్కటే పట్టింపు: ఇప్పటిదాకా ఎన్ని చోట్ల నుంచి లేపేశారు, ఏది ముందు, ఏది తర్వాత? రెడ్‌హౌస్, కోర్స్‌టెన్, కోయెగా, ఇలా ఒక్కో ఊరిపేరూ చెబుతుంది, వరస తప్పుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. భర్త ఆ వరసను కావాలనే తారుమారు చేసి ఏడిపిస్తాడు. తన భాష రాని ఒక ముసలివాడు వచ్చి మంట దగ్గర కూర్చుంటే, తన బతుకుకు సాక్షి దొరికినట్టు లీనా అతనికి తన కథంతా చెబుతుంది. అతనికి ఒక్క మాట అర్థం కాదు. ఆమెకు అది చాలు.

శ్రీశైలం జలాశయం కింద కొల్లాపూర్, అలంపూర్ వైపు కృష్ణ ఒడ్డు ఊళ్లు 1980ల మొదట్లో మునిగాయి. ఆలయాల విషయంలో ప్రభుత్వం జాగ్రత్తపడింది. కూడవెల్లి సంగమేశ్వరాలయం రాయి రాయికీ నంబరు వేసి ఊడదీసి అలంపూర్‌లో మళ్లీ నిలిపారు. మనుషులకు అలాంటి నంబర్లు పడలేదు. ఇల్లు పోయిన కుటుంబాల్లో ఒకరికి ఉద్యోగమన్న 1986 నాటి 98వ నంబరు జీవో కోసం నిర్వాసితులు దశాబ్దాలు పోరాడారు. ఇక్కడ వారి పరిస్థితి సిజ్వేకు నేరుగా ఎదురు. సిజ్వేను కాగితం తరిమింది. నిర్వాసితుడు కాగితాన్ని తరుముకుంటూ తిరిగాడు, మునిగిన ఊరివాణ్నని రుజువు చేసే కాగితం కోసం. తెలంగాణలో స్థానికత అన్నది ఎప్పుడూ ఇలా రెండంచులతోనే ఉంది. 1952లో స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ ఉద్యమం, 1969లో మరోసారి, తర్వాత స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపమన్న 610 జీవో మీద గొడవ, ఇవన్నీ ‘మేము ఇక్కడివాళ్లం’ అని కాగితం మీద రాయించుకోవడానికి జరిగినవే. దక్షిణాఫ్రికా నల్లవాడు తగలబెట్టాలనుకున్న కాగితాన్ని తెలంగాణవాడు కవచంగా అడిగాడు. ఈ తేడాను పట్టించుకోకుండా ఫుగార్డ్‌ను మన నేల మీద ఆడితే ప్రేక్షకుడు మర్యాదగా చూసి లేచిపోతాడు.

ఇక తప్పించుకోలేని ప్రశ్న ఒకటుంది. నల్లవాడి బాధను తెల్లవాడు చెప్పవచ్చా? ఫుగార్డ్ మీద ఈ విమర్శ బతికుండగానే వచ్చింది, అది న్యాయమైనదే. అయితే సిజ్వే నాటకం తయారైన తీరు ఆ విమర్శకు కొంత జవాబు. న్యూ బ్రైటన్ అనే నల్లవాళ్ల పేటలో 1963లో మొదలైన సర్పెంట్ ప్లేయర్స్ బృందంతో ఫుగార్డ్ పనిచేశాడు. స్టూడియో కిటికీలో చూసిన ఒక ఫోటో నుంచి, నటుల సొంత అనుభవాల నుంచి సన్నివేశాలు పుట్టాయి. పుస్తకం అచ్చయినప్పుడు ముగ్గురి పేర్లూ వేశారు. నటుడనే ఉద్యోగం నల్లవాడి పాస్‌బుక్‌లో రాసే వీలు లేదు కాబట్టి, జాన్ కాని, ఎన్షోనా కాగితాల్లో ఫుగార్డ్ ఇంటి పనివాళ్లుగా నమోదయ్యారు. గుర్తింపు కాగితం మీద నాటకం ఆడటానికే ఆ నటులు అబద్ధపు గుర్తింపుతో తిరగవలసి వచ్చింది. 1975లో న్యూయార్క్‌లో ఇద్దరికీ కలిపి ఉత్తమ నటుడి టోనీ పురస్కారం దక్కింది. మరుసటి ఏడాది, వర్ణవివక్ష ప్రభుత్వం నల్లవాళ్లకని విడదీసిన ట్రాన్స్‌కై ప్రాంతంలో అదే నాటకం ఆడినందుకు ఇద్దరినీ నిర్బంధించారు.

నల్లగొండకూ ఈ ప్రశ్న ఉంది. నిజాం పాలన కింది రైతు తిరుగుబాటు మీద తెలుగులో ఎక్కువ పేరు పొందిన నాటకం ‘మా భూమి’. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాశారు, ప్రజానాట్యమండలి దళాలు వందల సార్లు ఆడాయి, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. రచయితలిద్దరూ కృష్ణా జిల్లా వైపువారు. వారి నిబద్ధతను శంకించే పని లేదు, ఆ నాటకం చేసిన మేలు చాలా పెద్దది. కానీ ఆ గడ్డ మీది మనిషి తన గొంతుతో చెప్పుకున్నది చాలావరకు నాటకంలో కాక పాటలో వచ్చింది. పాటకవి గోరటి వెంకన్న దాకా పాలమూరు తన వలసను, కరువును పాడింది, రంగస్థలం మీదికి తక్కువగా ఎక్కించింది.

రంగస్థలం లేక కాదు. మాదిగ వాడల్లో చిందు కళాకారులు ఆడే జాంబ పురాణం గుర్తింపు మీద నడిచే నాటకమే. మాదిగల మూలపురుషుడైన ఆది జాంబవుడి వంశీయుడిగా నిలబడినవాడు బ్రాహ్మణ పాత్రతో వాదానికి దిగుతాడు: భూమి పుట్టకముందు ఎవరున్నారు, ముందు పుట్టినవాడు తక్కువెలా అయ్యాడు? ఇద్దరు పాత్రధారులు, ఒక బయలు, తాళం, మద్దెల. ప్రేక్షకుల్లో తమ గురించే మాట్లాడుతున్నారని తెలిసిన జనం. సిజ్వే నాటకానికి కూడా ఇద్దరు నటులు, ఒక బల్ల, ఒక కెమెరా చాలు. స్టైల్స్, బుంటు పాత్రలను ఒకే నటుడు పోషిస్తాడు, పాత్ర మారినప్పుడు పెద్దగా వేషం మార్చడు. బుంటు పోలీసుగా, పాస్టరుగా మారే సన్నివేశం చిందు కళాకారుడి చేతిలో పడితే, ఏ నాటక పాఠశాల శిక్షణా ఇవ్వలేని చురుకు వస్తుంది.

ఇబ్బంది కథలోనే వస్తుంది. సిజ్వే చివర్లో బుంటును అడుగుతాడు: ఈ మోసం ఎన్నాళ్లు నడుస్తుంది? గొడవల్లోకి పోనంతకాలం, అంటాడు బుంటు, ఒకసారి పోలీసులు వేలిముద్ర తీస్తే అంతా బయటపడుతుంది. మన చర్మమే గొడవ కదా అంటాడు సిజ్వే. ఇప్పటి పాలమూరులో ఆ ఒక్క వేలిముద్ర దగ్గరే కథ ఆగిపోతుంది. చచ్చినవాడి ఆధార్‌తో మరొకడు ఒక్కరోజు కూడా బతకలేడు, ఫోటో మార్చి లాభం లేదు. పైగా ఇక్కడి కూలీకి జరిగేది తిరగబడిన కథ. పేరు అతనిదే, కార్డు అతనిదే, రేషన్ దుకాణంలో యంత్రం మీద పెట్టిన వేలు కూడా అతనిదే. ఏళ్ల తరబడి రాయి, సిమెంటు పనితో గీతలు అరిగిపోయిన ఆ వేలిని యంత్రం గుర్తించదు. డీలరు ఇంకో వేలు పెట్టమంటాడు, తడి తుడుచుకోమంటాడు, చివరికి కంటిపాప చూపించమంటాడు. ఫుగార్డ్ నాటకాన్ని ఈ జిల్లాలో ఆడాలనుకునే బృందం శవం దొరికే సన్నివేశాన్ని తీసేసి, ఈ దుకాణం వరుసలో నిలబడి కొత్తది రాసుకోవాలి, ముగ్గురి పేర్లతోనో, వరుసలో ఉన్న అందరి పేర్లతోనో.